కందిళ్ల కార్ఖానాలో మోగిన గంట

"తాతా, ఆ రోజు మీరు అక్కడ ఉన్నారా, లేరా?"

పాతబస్తీలో ఉప్పుగూడ స్టేషను వెనక ఒక రేకుల ఇంటి అరుగు మీద కూర్చుని, రాధ అనే పరిశోధక విద్యార్థిని ఆగయ్యను ఈ మాట అడిగింది 1978 ఎండాకాలంలో. అప్పటికి ఆగయ్య ఆ రోజు గురించి చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఆయన చెప్పింది ఒక వ్యాసంలోకి, ఒక పుస్తకంలోకి, ఒక ఆదివారం అనుబంధంలోకి ఎక్కింది. రాసినవాళ్లు ముగ్గురూ చదువుకున్నవాళ్లే. ఒకాయన విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కూడా. ముగ్గురిలో ఒక్కరికీ ఈ ప్రశ్న తోచలేదు. వంకాయలు కొనేవాడు పుచ్చులున్నాయేమోనని ఒక్కొక్కటీ తిప్పి చూస్తాడు. చరిత్ర రాసేవాడికి ఆ మాత్రం అనుమానం కూడా అక్కర్లేదని మన పండితులు ఎప్పుడో తీర్మానించుకున్నారు.

ఆగయ్య చేతిలో ఆరిపోయిన బీడీని అరుగు కింద పడేసి, "లేను బిడ్డా" అన్నాడు. "నేను గప్పుడు కార్వాన్‌ల బస్తాలు మోసుకుంట ఉన్న."

"మరి ఇన్నేళ్లూ ఆ సంగతి చెప్పలేదేం?"

"నన్నెవలు అడిగిన్రు?"

నిజమే. ఎవరూ అడగలేదు. అందరూ ఆయనకు చెప్పారు.

ఆగయ్య పుట్టింది ఉప్పుగూడలోనే. మీసాలు రాకముందే ఫలక్‌నుమా దగ్గరి కందిళ్ల కార్ఖానాలో చేరాడు. కిరోసిన్ కందిళ్లకు రేకు పనీ గాజు చిమ్నీల పనీ అక్కడ జరిగేవి. ఆగయ్యది ఆ రెండూ కాదు. తయారైన చిమ్నీలను వరిగడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్దడం ఆయన పని. గడ్డి గది చల్లగా, మెత్తగా, చీకటిగా ఉండేది. అలాంటి గదిలో మనిషిని పెట్టి నిద్రపోవద్దనడం యజమాని అత్యాశ. ఆగయ్య నిద్రపోయాడు, ఒకసారి కాదు. చివరికి సర్దిన పెట్టె మీదే వాలి నాలుగు చిమ్నీలు నుజ్జు చేశాడు. మేస్త్రీ ఆయన్ను గడ్డితో సహా గేటు బయటికి ఈడ్పించాడు. ఇది 1944 నాటి మాట.

పని పోయాక కార్వాన్‌లో అక్క ఇంట్లో ఉంటూ ఒక ధాన్యం వ్యాపారి దగ్గర బస్తాలు మోశాడు. పెళ్లి అప్పటికే అయింది. భార్య కాశమ్మ ఉప్పుగూడలో అత్త దగ్గర ఉండిపోయి, అదే కార్ఖానాలో అదే గడ్డి గదిలో, నిద్రపోకుండా పనిచేసింది. మరుసటి ఏడు వానాకాలంలో కార్ఖానా కొన్నాళ్లు మూతపడింది. ఎందుకు మూతపడిందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. మూతపడిన రోజున ఆగయ్య అక్కడికి కోసుల దూరంలో జొన్న బస్తా కింద ఉన్నాడు.

తర్వాత ఆయన ఉప్పుగూడకు తిరిగొచ్చి కొన్నాళ్లు స్టేషనులో మూటలు మోశాడు. ఆ పైన కలప అడితిలో కాపలా. కాపలా ఉద్యోగం ఆయన స్వభావానికి సరిగ్గా సరిపోయింది. ఇళ్లకు కరెంటు వచ్చాక కందిళ్లు కొనేవాళ్లు తగ్గి కార్ఖానా పూర్తిగా పోయింది. ఆ స్థలంలో ఇళ్లు లేచాయి. యజమాని కుటుంబం ఊరు విడిచింది. కాగితాలు చిత్తుకు పోయాయో చెదలకు పోయాయో తెలియదు. మిగిలింది స్టేషను ముందరి చాయ్ హోటల్లో కూర్చునే ఆగయ్య. కందిళ్ల కార్ఖానాలో పనిచేసినవాళ్లు ఇంకా చాలామందే బతికి ఉన్నారు. కానీ వాళ్లకు పనులున్నాయి. పరిశోధకుడికి కావలసింది ఖాళీగా ఉన్న మనిషి. ఖాళీగా ఉండటాన్నే మన గ్రంథాల్లో ప్రత్యక్ష సాక్ష్యం అంటారు.

మొదట వచ్చింది ఆనందరావు. కార్మిక సంఘం నాయకుడు, వక్త. 1956లో ఒక కార్మిక పత్రిక మే నెల సంచికకు ఆయనకొక వీరగాథ కావలసి వచ్చింది. చాయ్ హోటల్లో ఆగయ్యను కూర్చోబెట్టి అడిగాడు. అడిగాడనడం మర్యాదకే.

"నలభై ఐదులో మీ కార్ఖానాలో పెద్ద సమ్మె జరిగిందటగా. ఆడవాళ్లు గంపలు కింద పడేసి, గంట మోగించి, గేటు దాటి బయటికొచ్చారట. నిజమేనా?"

"నిజమే సారూ" అన్నాడు ఆగయ్య.

"యజమాని దిగొచ్చి కూలి పెంచాడట."

"పెంచిండు, పెంచిండు."

అంతే, ఇంటర్వ్యూ అయిపోయింది. ఆనందరావుకు ఆ గంట సంగతి ఎక్కడ దొరికిందో చెప్పేవాళ్లు లేరు. ఏ ఉపన్యాసంలోనో వినుంటాడు. ఏ ఊరి మిల్లు కథనో తెచ్చి ఇక్కడ దించి ఉంటాడు. తానే కల్పించి ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇప్పుడాయన లేడు. వ్యాసంలో మాత్రం 'నాటి పోరాటంలో పాల్గొన్న కార్మికుడు ఆగయ్య కన్నీళ్లతో చెప్పిన మాటలివి' అని అచ్చయింది. చాయ్ హోటల్లో పొయ్యి పొగ ఎక్కువ. ఆ కన్నీళ్లొక్కటే అందులో నమ్మదగిన విషయం.

ఎనిమిదేళ్ల తర్వాత పురుషోత్తం వచ్చాడు. అప్పటికాయన ఇంకా ఆచార్యుడు కాలేదు, కావడానికి ఒక పుస్తకం తక్కువైంది. ఆనందరావు వ్యాసం చేత్తో పట్టుకొచ్చి, ఆగయ్యకు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించి, ఇదంతా సరైనదేనా అని అడిగాడు. తన పేరు అచ్చులో విన్న మనిషి కాదంటాడా? సరైనదేనన్నాడు. పురుషోత్తం ముఖంలో అంత తృప్తి కనబడలేదు. ఉన్నదే మళ్లీ రాస్తే పుస్తకం ఎలా అవుతుంది? ఆ దిగులు ఆగయ్య పసిగట్టాడు.

"పోలీసులు గిట్ట వచ్చిన్రా?" అని హోటలు భాషలోకి దిగి అడిగాడు పురుషోత్తం.

"రాకుంట ఎట్లుంటరు సార్. లాఠీలు పట్టుకొని వచ్చిన్రు."

పుస్తకంలో లాఠీఛార్జికి ఒక పేజీ పోయింది. అడుగున రెండు ఆధారాలు కనబడతాయి, ఒకటి ఆనందరావు వ్యాసం, రెండోది ఆగయ్యతో ముఖాముఖి. ఆ రెండూ ఒకే మనిషని, ఆ మనిషికి ఆ కథ చెప్పింది మొదటి ఆధారమేనని పుస్తకం రాసినాయనకు తెలియదు. ఆ పుస్తకానికి బహుమతి ఇచ్చినవాళ్లకూ తెలియదు.

ఆ తర్వాత ఆదివారం అనుబంధంలో భక్తి శీర్షిక రాసే పెద్దమనిషి ఒకాయన వచ్చాడు. సమ్మెకు ముందు ఆడవాళ్లు కందిళ్లకు పసుపూ కుంకుమా పెట్టి మొక్కారా అని అడిగాడు. మొక్కారు. టెంకాయ కొట్టారా? కొట్టారు. యజమాని ఏ మతం వాడు, కార్ఖానాలో సగం మంది ఎవరు అన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

ఇదంతా చదివి ఆగయ్యను అబద్ధాలకోరు అనుకుంటే పొరపాటు. అబద్ధానికి ఒక లాభం కావాలి. ఆయనకు దక్కింది కప్పు చాయ్, రెండు సిగరెట్లు. ఆ బస్తీలో వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపరు. ఇంట్లో చక్కెర లేకపోతే పక్కింట్లో అడిగి తెచ్చి చాయ్ పెడతారు. దారి అడిగితే తెలియకపోయినా ఏదో ఒక దారి చూపిస్తారు, తెలియదని చెప్పి నిలబెట్టడం అవమానించినట్టు. ఎండన పడి బస్సులు మారి వచ్చిన సారుకు 'నాకు తెల్వదు' అని చెప్పి తిప్పి పంపడం ఆగయ్య దృష్టిలో మంచినీళ్లు ఇవ్వకపోవడం లాంటిది. అందుకని ఆయన సమ్మె ఇచ్చాడు, కొసరు అడిగినవాళ్లకు లాఠీలు ఇచ్చాడు. తప్పు ఆయన మర్యాదది కాదు. మర్యాదను ఆధారంగా తీసుకుపోయి అచ్చు వేయించుకున్నవాళ్లది. అయినా ఆయన్ను అమాయకుడని మెచ్చుకోవడానికి కూడా నాకు మనసొప్పదు. అచ్చులో పేరు పడ్డాక బస్తీలో కుర్చీ వేస్తున్నారు, 'నాయకుడా' అంటున్నారు. ఆ కుర్చీ ఆయనకు హాయిగానే ఉంది.

రాధ ఎం.ఫిల్. చేస్తోంది. ఆమె తండ్రి గోపాలకృష్ణమూర్తి తెనాలి వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చిన గుమాస్తా, అద్దె తక్కువని ఉప్పుగూడలో కాపురం పెట్టాడు. పాతబస్తీ చిన్న కార్ఖానాల్లో కార్మికుల బతుకులు ఆమె పరిశోధన అంశం. గైడ్ పురుషోత్తమే. ఒక జూనియర్ కాలేజీలో ఆమె తాత్కాలికంగా పాఠాలు చెబుతోంది. జూలైలో కాలేజీ తెరిచేలోగా సిద్ధాంత వ్యాసం గైడ్ సంతకంతో ఆఫీసులో అందిస్తే ఆ ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు, లేకపోతే వేరేవాళ్లను చూసుకుంటామన్నారు. నాలుగో అధ్యాయం ఒక్కటే మిగిలింది. అది ఈ సమ్మె మీద.

"నాలుగో అధ్యాయం గురించి నీకేం బెంగమ్మా" అన్నాడు పురుషోత్తం. "మూడు ఆధారాలున్నాయి. వారం రోజుల పని."

మూడు ఆధారాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవడం ఆమె చేసిన మొదటి అపచారం. మూడింట్లోనూ ఆడవాళ్లు గంట మోగిస్తారు. మూడింట్లోనూ గంపలు కింద పడతాయి. చిమ్నీలు సర్దేది పెట్టెల్లో అని పురుషోత్తం పుస్తకమే రెండో అధ్యాయంలో చెబుతుంది, అయిదో అధ్యాయానికి వచ్చేసరికి అవి గంపలవుతాయి. ముగ్గురు మనుషులు మూడు చోట్ల నిలబడి చూసి చెబితే మాటలు కొంచెం అటూ ఇటూ కావాలి. ఇక్కడ గంప కూడా చెక్కు చెదరలేదు. ముగ్గురు చెప్పినందువల్ల బలం వస్తుంది, నిజమే. కానీ ముందు ఆ ముగ్గురూ ముగ్గురేనా అని లెక్క చూసుకోవాలి.

ఆమె మరో తెలివైన పని చేసింది. ఆగయ్య దగ్గరికి పుస్తకం తీసుకుపోలేదు. సమ్మె మాట ఎత్తలేదు. పొద్దున పనికి ఎలా వెళ్లేవారు తాతా అని మాత్రం అడిగింది.

"ఇంకెట్ల పోతం? నడుసుకుంటనే. మొదటి కూతకు లేసేటోళ్లం, రెండో కూతకు గేటు కాడ ఉండాలె. లేకుంటె ఆ పూట కూలి కట్."

"సైరన్ కూతా? గంట కాదా?"

"గంట ఏడిదమ్మా, గుడా, బడా? కూతనే. ఉప్పుగూడ దాకా వినబడేది."

"మరి సమ్మె రోజు ఆడవాళ్లు గంట మోగించారని పుస్తకంలో ఉందే?"

ఆగయ్య ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "మోగించిన్రు మరి" అన్నాడు.

"లేని గంట ఎలా మోగిస్తారు తాతా?"

"సార్లు చెప్పినంక మోగకుంట ఉంటదా" అని లోపలినుంచి కాశమ్మ అంది. చాయ్ గ్లాసులు తెచ్చి అరుగు మీద పెట్టి, మొగుడి వంక చూసి, "చెప్పు, ఇంక చెప్పు. టెంకాయ ముచ్చట మర్సినవు" అని మళ్లీ లోపలికి పోయింది.

అప్పుడే రాధ ఆ మొదటి ప్రశ్న వేసింది.

కార్వాన్ సంగతి, గడ్డి గది నిద్ర సంగతి, కాశమ్మ అక్కడే పనిచేసిన సంగతి అన్నీ విన్నాక, ఆమెకు ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చింది. చాయ్ గ్లాసులు అందించిన ఈ మనిషిని ఇన్నేళ్లూ ఎవరూ పలకరించలేదు. అసలు సాక్షి కాశమ్మ. కార్ఖానా మూతపడిన రోజున గడ్డి గదిలో ఉన్నది ఆమె. ఈ రోజుల్లో చాలామంది ఇక్కడ కలం జేబులో పెట్టేసి దండం పెడతారు. పట్టించుకోని పేద ఆడమనిషి నోట సత్యం తప్ప మరోటి రాదని వీళ్ల నమ్మకం. రాధ కూడా ఆ నమ్మకంతోనే వంటింటి గడప దగ్గరికి పోయి కూర్చుంది.

"ఆ రోజు ఏం జరిగిందమ్మా?"

"ఏమైతది బిడ్డా. ఇంటికి పోండ్రి అన్నరు. పోయినం."

"ఎవరన్నారు? మేస్త్రీనా, సంఘం వాళ్లా?"

"ఎవలో గట్టిగ అన్నరు. అందరు పోతుండ్రు, నేనూ పోయిన. ఇంట్ల పిల్లకు జరమొచ్చింది. నాకు మంచిగనే అయింది."

"సమ్మె చేశారా, లేకపోతే కార్ఖానాలో ఏమైనా పాడైందా?"

"మల్ల రమ్మన్నంక పోయిన. మధ్యల ఏమైందో నాకేం తెలుసు?"

"కూలి పెరిగిందా?"

కాశమ్మ నవ్వింది. "పెరిగుంటే యాది ఉండకపోవునా?"

"పోలీసులు?"

"నాకు కనబడలె. వచ్చిండ్రేమో. పిల్లను చంకనేసుకొని దవాఖానకు పోయిన."

అక్కడ ఉన్న మనిషికి ఏం జరిగిందో తెలియదు. లేని మనిషికి లాఠీలతో సహా తెలుసు. కళ్లతో చూసినవాళ్లు చూసింది అంతే ఉంటుంది, చంకలో పిల్ల ఉన్నంత మేర. దాన్ని వేదం చేయడానికి లేదు, పారేయడానికీ లేదు. 'పెరిగుంటే యాది ఉండేది' అన్న మాట ఒక్కటే కాశమ్మ ఇచ్చిన సరుకు. అదయినా రుజువు కాదు, అనుమానించడానికి మంచి కారణం మాత్రమే.

రాధ ఇంకా వెదికింది. ఆనాటి ఉర్దూ పత్రికలు దాచిన గ్రంథాలయం ఒకటి ఉంది. ఆమెకు ఉర్దూ చదవడం రాదు. అక్కడ రోజూ పత్రిక చదువుకోవడానికి వచ్చే ఒక ముసలి వకీలు సాబ్ ఆమె కోసం ఆ వానాకాలపు పాత పత్రికలన్నీ తిరగేసి, నాలుగు వాక్యాల వార్త ఒకటి చదివి పెట్టాడు. గాజు కొలిమి పగిలినందున కందిళ్ల కార్ఖానా కొద్ది రోజులు మూసి ఉంటుందని, ఖాతాదార్లు మన్నించాలని.

"మిల్ గయా బేటీ, దొరికింది. తీసుకో, నీ పని అయిపోయింది" అన్నాడు వకీలు సాబ్.

అయిపోలేదు. అదే పేజీలో, అదే వార్త పక్కన, అదే కార్ఖానా కందిళ్ల ప్రకటన ఉంది, బొమ్మతో సహా. ప్రకటన ఇచ్చే యజమాని చెప్పిన వార్త ఇది. ఆనాడే అచ్చయిందన్న బలం దానికి ఉంది. పదకొండేళ్ల తర్వాత చాయ్ హోటల్లో పుట్టిన మాట కన్నా అది ఎంతో నయం. కానీ మనుషులు పని మానేస్తే ఏ యజమాని పత్రికలో ఆ మాట వేయించుకుంటాడు? కొలిమి పగిలింది అంటాడు. నిజంగానే కొలిమి పగిలినా అదే అంటాడు. ఆ నాలుగు వాక్యాల్లో ఏ ఒక్కటీ ఈ రెండింటిని విడదీయదు.

ఈ మాటే ఆమె అధ్యాయంలో రాసింది. కార్ఖానా మూతపడింది, అది ఖాయం. కారణం కొలిమి కావచ్చు, సమ్మె కావచ్చు. గంట లేదు. లాఠీలకు ఆధారం లేదు. కూలి పెరిగినట్టు ఆధారం లేదు. ప్రచారంలో ఉన్న కథ ఒకే మనిషి నుంచి వచ్చింది, ఆ మనిషికి అది మొదట అడిగినవాళ్ల నుంచి వచ్చింది. అసలు ఏం జరిగిందో ఇప్పుడున్న ఆధారాలతో తెలియదు.

పురుషోత్తం చివరి పదం కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాడు.

"ఏమిటిది?"

"తెలియదు, సార్."

"తెలియకపోతే తెలుసుకుని రాయాలి. డిగ్రీ ఇచ్చేది తెలిసినందుకా, తెలియనందుకా?"

"తెలుసుకున్నాకే సార్ తెలియదని తేలింది."

"నా పుస్తకం చదివే కదా ఈ అంశం తీసుకున్నావు?"

"అవును సార్. అందుకే ఆగయ్యను అడిగాను. ఆ రోజు కార్వాన్‌లో ఉన్నానన్నారు."

పురుషోత్తం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముసలాడు. మతి తప్పి ఉంటాడు" అన్నాడు. "నువ్వు మీ కోస్తా భాషలో ఏం అడిగావో, అతను ఏం అర్థం చేసుకున్నాడో. వచ్చే శనివారం సెమినారుకు అతన్నే పిలిపిస్తాను. అందరి ముందూ నేను అడుగుతాను. అప్పుడు అధ్యాయం తిరగరాస్తావు కదా?"

"అక్కడ ఉన్నానని ఆయన చెబితే, ఎక్కడ నిలబడ్డారో కూడా చెబితే, రాస్తాను సార్."

ఆ సాయంత్రం ఇంట్లో గోపాలకృష్ణమూర్తి కూతురికి హితవు చెప్పాడు. "ఆయన రాయమన్నది రాసెయ్యమ్మా. ఎవరు చదువుతారు ఆ పుస్తకాలు? ఉద్యోగం పోతే మళ్లీ రాదు." పాతికేళ్లు ప్రభుత్వ ఫైళ్లలో పై అధికారి చెప్పింది రాసిన మనిషి ఆయన. ఎవరూ చదవరన్న మాట మాత్రం అనుభవంతో చెప్పాడు.

శనివారం ఆగయ్యను తీసుకురావడానికి విభాగం గుమాస్తా ఉప్పుగూడలో ఇశ్రాయేలు రిక్షా రానుపోను మాట్లాడాడు. ఇశ్రాయేలు ఆగయ్యకు పక్కింటివాడు. ఎండలో నది దాటించి తొక్కుకుంటూ తెచ్చాడు. ఆగయ్య ఉతికిన ధోవతి, భుజాన తువ్వాలు, నూనె రాసుకున్న తలతో పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు. ఆయన్ను వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. విభాగంలో ఉన్న మేధ అంతా ముందు వరసల్లో కూర్చుంది. రాధ వెనక, గోడవార.

పురుషోత్తం ఆగయ్యను పరిచయం చేశాడు, నాటి పోరాటానికి మిగిలిన ఏకైక సాక్షి అని. తర్వాత గొంతు మెత్తగా చేసుకుని, "చెప్పు ఆగయ్యా. నలభై ఐదులో ఆ రోజు గంట మోగిన సంగతి మన వాళ్లకు చెప్పు" అన్నాడు.

ఆగయ్య తువ్వాలు సర్దుకున్నాడు. పురుషోత్తం వంక చూశాడు. గోడ దగ్గర రాధ కనబడింది. ఆమె వంకా చూశాడు. ఇరవై ఏళ్లలో ఆయనకు ఇలాంటి ఇబ్బంది ఎదురు కాలేదు. ఎప్పుడూ ఒక అతిథే వచ్చేవాడు, ఆ అతిథికి కావలసింది వడ్డించేవాడు. ఇప్పుడు ఒకే పంక్తిలో ఇద్దరు అతిథులు, ఇద్దరికీ వేరు వేరు వంటలు. ఏ ఒక్కరినీ చిన్నబుచ్చడం ఆయనకు చేతకాదు.

"సార్, ఏది చెప్పుమంటరు?" అన్నాడు. "మీకు చెప్పిందా, ఆ బిడ్డకు చెప్పిందా?"

హాలులో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత రెండు వరసలు నవ్వాయి. పురుషోత్తం మెడ ఎర్రబడింది.

"జరిగింది చెప్పు" అన్నాడు.

"అదే సార్. మీది మస్తుగుంటది. గంట ఉన్నది, పోలీసులున్నరు. ఆ బిడ్డ దాంట్ల ఏం లేదు, నేను గూడ లేను." కొంచెం ఆలోచించి, పెద్దమనిషి తరహాలో సర్దిచెప్పాడు. "ఇంత మంది వచ్చిన్రు గదా. మీదే చెప్త."

చెప్పాడు కూడా. గంపలు, గంట, గేటు, లాఠీలు, టెంకాయ, అన్నీ వరసగా, చేతులు తిప్పుతూ. ఎవరూ రాసుకోలేదు. అయిపోయాక ఒక్క రాధే లేచి, "ఇది మీకు మొదట ఎవరు చెప్పారు తాతా?" అని అడిగింది.

"ఆనందరావు సారు" అన్నాడు ఆగయ్య. "మంచి మనిషి. చాయ్ తాపిచ్చిండు."

ఇంత జరిగాక పుస్తకం వెనక్కి తీసుకుంటారని, లేదా కనీసం ఒక సవరణ వేస్తారని అనుకునేవాళ్లకు మన విద్యారంగం గురించి ఏమీ తెలియదు. సోమవారం విభాగం కమిటీ కూర్చుని తీర్మానం చేసింది. 1964లో ఆచార్యులవారికి సమాచారం ఇచ్చేనాటికి సాక్షి జ్ఞాపకశక్తి బాగుందనీ, 1978 నాటికి వయసు మీద పడి మందగించిందనీ, కనుక మొదటి సాక్ష్యమే ప్రమాణమనీ. అంటే మతి ఉన్నప్పుడు ఆగయ్య తాను లేని చోట ఉన్నాడు, మతి పోయాక తాను ఉన్న చోట ఉన్నాడు. సంతకాలు అయిదు. ఒక్కరికీ నవ్వు రాలేదు.

తీర్మానం ప్రకారం అధ్యాయం మార్చమని పురుషోత్తం రాధకు చెప్పాడు. ఆమె మార్చలేదు. ఆయన సంతకం పెట్టలేదు. జూలై వచ్చింది. కాలేజీ తెరిచింది. ఆమె కుర్చీలో ప్రిన్సిపాలు బావమరిది కూర్చున్నాడు. పురుషోత్తం పదవీ విరమణ చేసి వెళ్లాక, కొత్తగా వచ్చినాయన అధ్యాయం చదవకుండానే సంతకం చేశాడు. బయటి పరీక్షకుడు 'నిర్ధారణలు ఇంకా దృఢంగా ఉండవలసింది' అని రాసి పాస్ చేశాడు. రాధకు ఉద్యోగం 1981లో దొరికింది, వేరే జిల్లాలో. అక్కడ కూడా పిల్లలను మొదటి రోజు ఇదే అడుగుతుందట, ఎవరు చూశారు, నీకెవరు చెప్పారు, వాళ్లకెవరు చెప్పారు అని. పిల్లలకు ఆమె అంటే పెద్దగా ఇష్టం లేదని విన్నాను. విన్నదే, చూసింది కాదు.

పురుషోత్తం పుస్తకం రెండో ముద్రణ వచ్చింది. సమ్మె అధ్యాయం చివర కొత్తగా ఒక పంక్తి చేరింది. 'ఈ పోరాటంపై ఇటీవలి విస్తృత పరిశోధనకు రాధ సిద్ధాంత వ్యాసం చూడండి.' ఆ పుస్తకాన్ని ఉదహరించేవాళ్లకు ఇప్పుడు నాలుగు ఆధారాలున్నాయి.

ఆగయ్యకు ఈ గొడవ వల్ల పోయిందేమీ లేదు. సెమినారులో మాట్లాడొచ్చాడని బస్తీలో కుర్చీ ఇంకా ముందుకు జరిగింది. 1983 వానాకాలంలో, కలప అడితిలోనే, కాపలా కుర్చీలో నిద్రలోనే పోయాడు. కార్మిక సంఘం వాళ్లు సంతాప సభ పెట్టి, వేదిక మీద గంట కట్టి, దాన్ని మోగించారు. కాశమ్మ ముందు వరసలో కూర్చుని విని, పక్కనున్న ఇశ్రాయేలుతో, "ఇప్పుడైతే గంట ఉన్నది" అందట. ఇది ఇశ్రాయేలు నాకు స్వయంగా చెప్పాడు. ఆయన అక్కడ ఉన్నాడు. అయినా ఒక్కరి మాటే కనుక అంతవరకే తీసుకోవాలి.

ఇశ్రాయేలు మరో సంగతి కూడా చెప్పాడు. దీనికి మాత్రం విభాగం ఆఫీసులో కాగితం ఉంది, నేను చూశాను. సెమినారు రోజు ఆగయ్యను తెచ్చిన కిరాయి గుమాస్తా ముందే ఇచ్చాడు. సభ అయ్యేదాకా ఇశ్రాయేలు గేటు బయట ఎండలో ఉండి, ఆగయ్యను మళ్లీ ఉప్పుగూడలో దింపి, సోమవారం వెళ్లి తిరుగు కిరాయి అడిగాడు. రానుపోను ఖర్చు సాక్షులకు మాత్రమే ఇవ్వాలనీ, రిక్షాలో వచ్చిన ఈ వ్యక్తి సమ్మె రోజున కార్ఖానాలో లేనట్టు సభలోనే తేలినందున సాక్షి కాడనీ గుమాస్తా బిల్లు మీద రాశాడు. అదే సోమవారం, పక్క గదిలోనే, కమిటీ ఆగయ్యను సాక్షిగా తీర్మానించింది.

ఇశ్రాయేలుకు ఆ తిరుగు కిరాయి రెండు రూపాయల పావలా ఇంకా రావలసే ఉంది.